తొమ్మిది యాడికి పాయె?

ముప్పై అయిదు అని డాక్టరు జ్ఞానప్రకాశం చెప్పగానే ఓబులేసు ముఖం విప్పారింది. ఎస్సెస్సెల్సీ లెక్కల పరీక్షలో ఆ ముప్పై అయిదు కోసమే రెండేళ్ళు ఏడ్చి, చివరికి పుస్తకాలు అటకెక్కించి, ఆళ్ళగడ్డలో తల్లితో కలిసి ఎనుముల పాలవ్యాపారం చూసుకుంటున్నవాడు అతను.

"ముప్పై అయిదంటే పాసే కద సార్?" అన్నాడు.

"పాసే అనుకోప్పా" అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండా. నంద్యాల స్టేషను రోడ్డులో ఆయన ఆస్పత్రి చిన్నది, పేరు పెద్దది. రక్తాన్ని సన్నటి గాజుగొట్టంలో పోసి, కరెంటు మిషన్లో అరగంట తిప్పి లెక్క చెప్పే డాక్టర్లు ఆ చుట్టుపక్కల ఎక్కువమంది లేరు. అందుకే ఆ ఏడు, యాభై ఎనిమిది మే నెల ఎండల్లో కూడా వరండా నిండా జనమే. "నూరు పాళ్ళ రక్తం తీస్తే అందులో ముప్పై అయిదు పాళ్ళు ఎర్రది. మిగిలింది తేట. పచ్చి బాలింతకు ఇది మరీ తక్కువేం కాదు. కాన్పప్పుడు రక్తం బాగా పోయిందా అమ్మా?"

ఆ ప్రశ్న గోవిందమ్మకు. ఓబులేసు తల్లి ఆమె. యాభై దాటినా పిడికిట్లో బలం తగ్గని మనిషి. "అందరికీ పోయినట్లే పోయింది సార్" అంది.

అందరికీ ఎంత పోతుందో ఆమె కొలిచి చూడలేదు. ఆయనా కొలత అడగలేదు. బల్లమీద కూర్చున్న కోడలు కమలాక్షిని అడిగి ఉంటే ఏమైనా చెప్పేదేమో. అంత ఎండలోనూ ఆ పిల్ల తలకు ఉన్ని గుడ్డ, చెవుల్లో దూది, భుజాలమీద దుప్పటి. ఒళ్ళో మూడో కాన్పు ఆడపిల్ల.

"కండ్లు తిరుగుతాండాయి సార్" అంది కమలాక్షి. పెదవులు ఒకదానికొకటి అంటుకుపోయి ఆ మాట సగమే బయటికి వచ్చింది.

"నీరసమమ్మా. ఎప్పుడూ పండుకోనే ఉంటే అట్లే ఉంటుంది. లేచి మెల్లగా తిరుగు" అని టానిక్కు రాసిచ్చి, డాక్టరు తర్వాతి మనిషిని పిలిచాడు.

గోవిందమ్మకు సర్టిఫికెట్టు దొరికినట్టయింది. కోడలికి ఏదో అయిపోయిందని కొడుకు రెండు దినాలుగా చెవిలో జోరీగలా పోరుతుంటే, ఎనుములను పక్కింటివాళ్ళకు అప్పజెప్పి ఇంతదూరం వచ్చింది. "చూసినావురా? నా పథ్యంలో తక్కువుందంటివే. డాక్టరే పాసన్నాడు" అని బస్టాండు దాకా అంటూనే ఉంది. ఓబులేసు మాట్లాడలేదు. లెక్కల్లో పాసన్నాక ఇంకా మాట్లాడేదేముంది?

బస్సు శిరివెళ్ల దగ్గర ఆగింది. ఇంజను ముందుభాగం ఎత్తి క్లీనరు బిందెడు నీళ్ళు పోశాడు. నీళ్ళు గడగడమంటూ లోపలికి పోయాయి, పొంగి కింద దుమ్ములో పడ్డాయి. కమలాక్షి కిటికీలోంచి రెప్ప వేయకుండా చూసింది.

"బస్సుకు గూడా పోస్తాండారు అత్తా" అంది.

గోవిందమ్మకు వినబడింది. బిడ్డ ముఖంమీద ఎండ పడకుండా కొంగు సర్దింది, అంతే.

*

బాలింతకు ఇచ్చిన గది వంటింటిని ఆనుకుని ఉంది. గాలి రాకుండా తలుపుకు గోనెపట్టా, నులక మంచం కింద కుంపటి, అందులో సాంబ్రాణి. తిండికి లోటు లేదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, పేరిన నెయ్యి. ఆ ఇంట్లో నెయ్యికి కరువెప్పుడూ లేదు. కరువల్లా బాలింత నీళ్ళకే. అన్నం తిన్నాక శొంఠి వేసి కాచిన నీళ్ళు చిన్న గ్లాసులో సగం, అదీ గోవిందమ్మ చేత్తోనే. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుంది, ఒంటికి నీరు పడుతుంది, పాలు తాగే బిడ్డకు రొంప పడుతుంది. ఇది గోవిందమ్మ కల్పించింది కాదు. ఆమె అత్త రామసుబ్బమ్మ చెప్పింది, రామసుబ్బమ్మకు ఆమె అత్త చెప్పింది. రామసుబ్బమ్మ ఇంకా ఉంది. వసారాలో మంచంమీద కూర్చుని, కళ్ళు సరిగా కనబడకపోయినా చెవులతోనే ఇల్లంతా చూస్తుంటుంది.

గోవిందమ్మ చెడ్డది కాదు. కోడలికి నెయ్యి రెండు గరిటెలు ఎక్కువే పోస్తుంది. పిల్ల ఏడిస్తే పరుగెత్తుతుంది. కానీ నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె ఠాణా జవాను.

దడి చాటున బండమీద కూర్చోబెట్టి తలకు పోసేటప్పుడు చూడాలి ఆమె పనితనం. ఎడమ అరచేత్తో కోడలి నోరు అదిమిపట్టి, కుడిచేత్తో చెంబు ముంచి పోసేది. నీళ్ళు నెత్తిమీంచి ముఖంమీదికి జారేటప్పుడు బాలింత నోరు తెరిచి రెండు గుక్కలు మింగేస్తుంది. ఆ దొంగతనం సంగతి గోవిందమ్మకు బాగా తెలుసు. ఎలా తెలుసని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

నంద్యాల నుంచి వచ్చిన మర్నాడు పొద్దున కమలాక్షి మంచంమీదే కూర్చుని, బిడ్డను రొమ్ముకు అటూ ఇటూ మార్చి చూసింది. పాలు దిగలేదు. బిడ్డ గొంతు పగిలేలా ఏడ్చింది. గోవిందమ్మ గిన్నెలో ఎనుము పాలు తెచ్చి, కాచిన నీళ్ళు అందులో సగానికి కలిపి, దూదివత్తితో బిడ్డ నోట్లో పిండింది. ఆ నీళ్ళు కలుపుతున్నంతసేపూ కమలాక్షి కళ్ళు గిన్నెమీదే ఉన్నాయి.

"నాకూ రోన్ని నీళ్ళియ్యి అత్తా. నాలుక చెక్కయిపోయింది."

"ఇంకొన్ని దినాలు ఓర్చుకో. ఓర్చుకోకుండా ఎవరు కన్నారు పిల్లల్ను? డాక్టరేమన్న్యాడు? లేచి తిరగమన్న్యాడు. మంచం దిగకుండా పండుకుంటే దప్పికే గుర్తొస్తాది."

డాక్టరు మాట వేదం. వేదాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకుంటారు. లేచి తిరగమన్నదాన్ని గోవిందమ్మ పనిలోకి దించమన్నట్టు అర్థం చేసుకుంది. మర్నాడు కోడల్ని కవ్వం ముందు కూర్చోబెట్టింది. కూర్చుని చేసే పనే కదా, నడుం వంచక్కర్లేదు కదా అనుకుంది. నిలువెత్తు గుంజకు కట్టిన కవ్వం, మెడదాకా పెరుగున్న పెద్ద కుండ. కమలాక్షి తాడు రెండు కొసలూ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. మొదట్లో కవ్వం సళ్ళు సళ్ళుమంటూ ఒక తీరున తిరిగింది. వెన్న పడేముందు పెరుగు బరువెక్కుతుంది. అక్కడికి వచ్చేసరికి తాడు ఒక కొస ఆమె చేతిలోంచి జారింది. మనిషి పక్కకు ఒరిగింది. కుండ బోర్లపడి మజ్జిగ బండలమీద గోడదాకా పారింది.

గోవిందమ్మ పశువులకొట్టంలోంచి పరుగెత్తుకొచ్చేసరికి కమలాక్షి చెంప ఆనించి మజ్జిగలో పడి ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. తడిసిన అరచేతిని నోటిదాకా తెచ్చుకుని నాకుతోంది.

గోవిందమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కాసేపు ఆమెకు కుండ గుర్తు రాలేదు, వెన్న గుర్తు రాలేదు.

వసారాలోంచి రామసుబ్బమ్మ గొంతు లేచింది. "ఏందే ఆ చప్పుడు? ఏం పగిలింది?"

"ఏం పగల్లేదు అత్తా" అని, "ఒరే ఓబులేసూ, బస్టాండుకు బండి కట్టరా! బేగా రా!" అని గోవిందమ్మ అరిచింది.

*

ఈసారి డాక్టరు జ్ఞానప్రకాశం వరండాలో జనాన్ని దాటుకుని తానే ఎదురొచ్చాడు. కమలాక్షి చేతిమీది చర్మాన్ని రెండువేళ్ళతో పట్టి వదిలాడు. ముడత అలాగే నిలబడింది. నాలుక చాపమన్నాడు. అది ఎండిన చింతతొక్కులా ఉంది.

"నీళ్ళు తాగుతాందా?"

"తాగుతాంది సార్" అన్నాడు ఓబులేసు. అతను అబద్ధం చెప్పలేదు. మగవాళ్ళు బాలింత గదిలోకి పోరు. మనిషన్నవాడు నీళ్ళు తాగుతాడనే అతని లెక్క. గోవిందమ్మ నోరు విప్పలేదు. కొడుకు చెప్పినదాన్ని పదిమందిలో కాదనడమెందుకనుకుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మజ్జిగలో పడున్న ఆ చెయ్యి ఆమె కళ్ళముందు నుంచి పోవడం లేదు.

సీసా వేలాడదీసి, నరంలోకి సెలైన్ ఎక్కించారు. ఆస్పత్రి ఆయా మాబున్నీ మంచం పక్కన కూజా నిండా నీళ్ళు పెట్టి, గ్లాసు బోర్లించింది. సాయంత్రానికి కమలాక్షి కళ్ళు తెరిచింది. మాబున్నీ చెయ్యి ఆసరా ఇస్తే గ్లాసు తర్వాత గ్లాసు తాగింది. చప్పుడు చేస్తూ, గడ్డం కింద కారుస్తూ తాగింది. గోవిందమ్మ ముఖం తిప్పుకుని బిడ్డకు వత్తితో పాలు పిండుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున మళ్ళీ రక్తం తీశారు. మిషన్ తిరిగింది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటినుంచి తిప్పాల్సి వచ్చింది. ఎట్టకేలకు డాక్టరు వచ్చి, "ఇరవై ఆరు" అన్నాడు.

ఓబులేసు నోరు తెరిచాడు. "ఫెయిలా సార్?"

గోవిందమ్మ లేచి నిలబడింది. ఆమె కోపాన్ని నిన్నటినుంచి భయం తొక్కిపెట్టి ఉంచింది. ఇప్పుడు రెండూ కలిసి పైకొచ్చాయి.

"నేను తోలుకొచ్చినప్పుడు ముప్పై అయిదంటివి. నీ దగ్గర ఒక్క దినం పెట్టుకుంటే ఇరవై ఆరాయె. ఒక్క చుక్క రక్తం యాడా కారలా. తొమ్మిది యాడికి పాయె సార్? చెప్పు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్లుందే నీ వైద్యం!"

వరండాలో జనం మెడలు చాచారు. డాక్టరు ముఖం ఎర్రబడింది. పొద్దున్నించీ నీళ్ళ విరేచనాల కేసులు వరసబెట్టి వచ్చి, ఆయన ఇంకా కాఫీ కూడా తాగలేదు.

"ఒంట్లోకి నీళ్ళు పోయినాయి గనక తగ్గిందమ్మా. ఊరికే అరవొద్దు. పనుంది నాకు" అనేసి పోయాడు.

చెప్పిన మాట నిజమే. కానీ సగం నిజం. చెయ్యాల్సినంత చేటు ఆ సగమే చేసింది. గోవిందమ్మ పెరట్లోకి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. మంచం పక్కన కూజా చూసింది. నీళ్ళు పోతే రక్తం పలచబడిందని డాక్టరు నోటితోనే అన్నాడు. నీళ్ళు చేటనే కదా తన అత్త చెప్పింది, ఆమె అత్త చెప్పింది. పెద్దలు ఊరికే అంటారా? ఇన్నేళ్ళు నమ్మిన మాటకు ఇప్పుడు డాక్టరు సాక్ష్యం కూడా దొరికింది. పాలలో నీళ్ళు పోస్తే పాలు పలచబడవూ? అదేగా ఇదీ.

కూజా ఎత్తి కిటికీలోంచి గుమ్మరించింది.

"అత్తా" అంది కమలాక్షి.

"విన్న్యావుగా డాక్టరు మాట. ఇంక చుక్క ముట్టొద్దు. నీ మంచికే చెప్తాండా. ముగ్గురు పిల్లలుండారు నీకు."

కమలాక్షి గోడవైపు తిరిగింది.

మాబున్నీ వచ్చి ఖాళీ కూజా చూసి, మళ్ళీ నింపి పెట్టింది. గోవిందమ్మ మళ్ళీ గుమ్మరించింది. మాబున్నీ నడుంమీద చేతులు పెట్టుకుంది. "ఏందక్కా నీ పని? మడుసులకు నీళ్ళు పెట్టని ఊరేనా మీది?"

"నువ్వెవరు నాకు చెప్పనీకె? నా కోడలు నా ఇష్టం."

"నీ ఇంట్లో నీ ఇష్టం. ఈడ కాదు. ఉండు, సార్ను పిలుచుకొస్తా."

*

డాక్టరు విసురుగా వచ్చాడు. మాబున్నీ చెప్పింది సగం విని ఆగిపోయాడు. కిటికీ కింద తడిసిన నేలను చూశాడు. కమలాక్షి నాలుక మళ్ళీ చూశాడు. స్టూలు లాక్కుని గోవిందమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి ఆమెకు మొదటిసారి బెదురు పుట్టింది.

"ఈ పిల్లకు నీళ్ళియ్యక ఎన్నాళ్ళాయె?"

"కాన్పైనప్పట్నించి. మా ఇంటి ఆచారమది. అన్నం తిన్నాక శొంఠి నీళ్ళు పోస్తాం."

"ఎంత?"

ఆమె బొటనవేలు చూపుడువేలిమీద పెట్టి చూపించింది. ఓబులేసు తల్లి చేతిని చూశాడు, తర్వాత పెళ్ళాన్ని చూశాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు చెప్పలేదేమ్మా?"

"నువ్వడగలా."

డాక్టరు స్టూలు ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాడు. "అవును. నేనడగలా" అన్నాడు. గొంతు తగ్గింది. "కాన్పప్పుడు రక్తం ఎంత పోయింది? అందరికీ పోయినంతా అని చెప్పొద్దు."

గోవిందమ్మ బిడ్డను భుజం మార్చుకుంది. "రెండు చాపలు, ఒక బొంత. ఆదెమ్మ మంత్రసాని చేసింది కాన్పు. ఆమే భయపడింది. మూడూ కాల్చేసినాం."

"రా, ఒకటి చూపిస్తా" అంటూ ఆయన లేచాడు.

మిషను ఉన్న గది వెనకవైపు ఉంది. చెక్కస్టాండులో పొద్దుటి గాజుగొట్టం నిలబడి ఉంది. అగ్గిపుల్ల కంటే కొంచెం లావు. పక్కన కిందినుంచి పైదాకా సన్నటి గీతలు. గోవిందమ్మ దగ్గరికి వంగి చూసింది. అడుగున చిక్కటి ఎరుపు, పైన గడ్డినీళ్ళ రంగులో తేట. ఆ గొట్టంలో కోడలుందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

"మజ్జిగ తేరుకున్న్యట్లే ఉండాదే" అంది.

"అదే. కింద ఎర్రది ఇరవై ఆరు గీతలు. మొదటిసారి ముప్పై అయిదు. ఎందుకు?"

"నీళ్ళు ఎక్కువై పలచబడిందంటివి గదా పొద్దున."

"కాదమ్మా. అప్పుడు నీళ్ళు తక్కువై శాతం పెరిగి..." అని ఆయన ఏదేదో చెప్పాడు. పాళ్ళన్నాడు, భాగహారమన్నాడు, కాగితంమీద రెండు గొట్టాలు గీసి కొట్టేశాడు. ఓబులేసుకు పరీక్ష హాలు గుర్తొచ్చి చెమట పట్టింది. గోవిందమ్మకు ఒక్క ముక్క ఎక్కలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ గదిలో చెప్పేవాడే ఎక్కువ అవస్థ పడ్డాడు.

"ఎర్రది పోలేదమ్మా. మొదటిసారీ అంతే ఉంది, ఇప్పుడూ అంతే ఉంది. అప్పుడు దాన్ని పట్టుకున్న నీళ్ళు ఆరిపోయినాయి" అన్నాడు చివరికి విసిగిపోయి.

ఆరిపోయినాయి అన్న మాట దగ్గర గోవిందమ్మ ఆగింది. ఆళ్ళగడ్డ హోటళ్ళకు పాలు పోసిన చెయ్యి ఆమెది. చెంబులో వేలు ముంచి, గోటిమీద చుక్క నిలిచే తీరు చూసి ఎవరు ఎంత నీళ్ళు కలిపారో చెప్పగలదు. పాలు పొయ్యిమీద మరిచిపోతే ఏమవుతుందో కూడా తెలుసు.

"కుండెడు పాలు మరిగి మరిగి సగమైతే చిక్కగా ఉంటాయి" అంది, తనలో తాను అన్నట్టు. "అంతమాత్రాన ఎనుము ఎక్కువిచ్చినట్లు కాదు."

"కాదు."

"అయితే ఆ ముప్పై అయిదు... నేను మరగబెట్టినానా సార్?"

డాక్టరు గాజుగొట్టంమీది గీతలకేసి వేలు చూపించాడు. "రెండు చాపలు, బొంత తడిసినాయన్నావే, అక్కడ పోయింది అసలు రక్తం. ఈ ఇరవై ఆరే నిజం. మొదటిసారి వచ్చినప్పుడు కూడా ఉండింది ఇంతే. పాసని నేనూ నమ్మి ఇంటికి పంపినా. ఇంకా కొన్ని దినాలు అట్లే ఎండబెట్టింటే నలభై వచ్చేది. ఇంకా బాగైందనుకుంటుంటిమి. ఆ నలభైతోనే పోయేది ఆ పిల్ల."

ఓబులేసు వాకిలి పట్టుకుని నిలబడ్డాడు. గోవిందమ్మ గాజుగొట్టాన్నే చూస్తోంది. ఆమెకు కోపం వచ్చింది. డాక్టరుమీద కాదు, కోడలిమీద కాదు. ఎవరిమీదో తెలియలేదు. ఆరు కాన్పులు ఆమెకు. ఆరుసార్లూ ఆ చీకటి గదిలో, ఆ కుంపటిమీద, నాలుకను పళ్ళకు రుద్దుకుంటూ పడుకుంది. తలకు పోసేటప్పుడు నోరు తెరిచి దొంగగుక్కలు మింగింది. దొంగతనం చేశానని భయపడి, బిడ్డకు రొంప చేస్తే తన పాపమేనని దేవుడి పటం ముందు లెంపలేసుకుంది. అదంతా ఓర్పు అనుకుంది. ఓర్చుకున్నాను గనకే గట్టిగా ఉన్నాననుకుంది. ఊరికే ఎండబెట్టారన్నమాట.

మంచం దగ్గరికి వచ్చి కూజా తీసుకుంది. మాబున్నీ అడ్డం రాబోయింది.

"గుమ్మరించనులే. నీళ్ళు యాడుండాయో చూపించు" అంది గోవిందమ్మ.

*

ఇంజక్షన్లు, ఇనుము మాత్రలు, కాలేయం మందు. వారం దాటాక ఇంటికి పంపేముందు డాక్టరు మళ్ళీ రక్తం తిప్పి చూసి ఇరవై ఎనిమిదన్నాడు. "ఇది నీళ్ళు తాగిన మనిషి ఇరవై ఎనిమిది. మొన్నటి ముప్పై అయిదు కంటే ఎక్కువ" అన్నాడు. ఆ లెక్క ఓబులేసుకు ఇప్పటికీ పట్టలేదు. ఇరవై ఎనిమిది ముప్పై అయిదు కంటే ఎక్కువైతే తాను లెక్కల్లో ఎప్పుడో పాసయ్యేవాణ్ణి కదా అనుకున్నాడు. కానీ దారిలో శిరివెళ్ల దగ్గర బస్సు ఆగగానే, ఎవరూ చెప్పకుండానే దిగి, చెంబెడు నీళ్ళు తెచ్చి కిటికీలోంచి పెళ్ళానికి అందించాడు. పదిమందీ చూస్తుండగా అందించాడు. కమలాక్షి అత్తవైపు చూసింది. గోవిందమ్మ, "తాగు" అంది.

ఇంటికి వచ్చిన మర్నాడు ఎండ ఎక్కకముందే గోవిందమ్మ కాగు కింద మంట పెట్టింది. దడి చాటున బండమీద కోడల్ని కూర్చోబెట్టి, నెత్తికి నూనె అంటి, కుంకుడురసంతో తల రుద్దింది. నురుగంతా పోయి తేట నీళ్ళు పోసేవేళ కమలాక్షి, అలవాటు కొద్దీ, ముఖం ముందుకు చాచి పెదవులు బిగించింది. నోటికి అడ్డం రాబోయే అరచెయ్యి కోసం కాచుకుంది.

గోవిందమ్మ చెంబు బండమీద పెట్టింది.

దడి అవతల రామసుబ్బమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. కళ్ళకు కనబడకపోయినా నీళ్ళ చప్పుడు ఆగడం ఆమెకు తెలిసింది.

"ఏమే గోవిందమ్మా, నోటికి చెయ్యి అడ్డం పెట్టినావా? తాగేస్తాది అది."

"పెట్టలా అత్తా."

"ఏం పెట్టలా? నంద్యాలకు పోయొచ్చి బుద్ధి మారిందా?"

"మారింది."

ముసలామెకు ఆ జవాబు అలవాటు లేదు. చేతికర్ర బండమీద టకటకలాడించింది. "బాలింత ఒంట్లోకి నీళ్ళు పోతే ఏమైతాదో ఎరుగుదువా? నీకు ఆరు కాన్పులు చేసినా నేను. ఒక్కదాంట్లో అన్నా నిన్ను నీళ్ళు ముట్టనిచ్చినానా? ఎట్లుండావు ఇప్పుడు, గుండ్రాయి మాదిరి!"

గోవిందమ్మ దడి తలుపు తోసుకుని ఇవతలికి వచ్చింది. చేతులనిండా కుంకుడు నురుగు. అత్తమీది కోపం దుత్తమీద చూపుతారంటారు. ఆమె ఇన్నేళ్ళూ అలాగే చూపింది. ఈసారి అత్త ముందరే నిలబడింది.

"నా నోరు గట్టిగా మూస్తుంటివి అత్తా. ముక్కు గూడా మూసుకపోయేది. ఊపిరాడక తన్నుకుంటుంటి."

రామసుబ్బమ్మ కర్ర టకటకలాడుతూనే ఉంది.

"నేను నీళ్ళు తాగేది ఎవరికీ చెప్పలా. మా అమ్మకు గూడా చెప్పలా. నీకెట్ల తెలిసె?"

కర్ర చప్పుడు ఆగింది. ముసలామె తెల్లబడిన కళ్ళు గొంతు వచ్చినవైపు తిప్పింది.

"ఈ పిల్ల సంగతి నీకెట్ల తెలిసె?" అంది.

దడి అవతల కమలాక్షి తడిబట్టలతో కూర్చుని అంతా వింది. లోపల బిడ్డ ఒకసారి ఏడ్చి ఊరుకుంది.

గోవిందమ్మ కళ్ళు మంటపెట్టాయి. కుంకుడు నురుగే అనుకుంటూ మోచేత్తో తుడుచుకుంది. తుడిచిన కొద్దీ నీళ్ళు వచ్చాయి. వంటింట్లోకి పోయి చేతులు కడుక్కుని, తాగేనీళ్ళ కుండలోంచి పెద్ద చెంబు నిండా ముంచుకొచ్చింది. ముందు దడి చాటుకు పోయి కోడలి చేతికిచ్చింది. కమలాక్షి ఆగి ఆగి తాగింది. ఎవరూ లాక్కోరని తెలిశాక మనిషి తాగే తీరే వేరు.

ఇవతలికి వస్తుంటే అరుగుమీంచి రామసుబ్బమ్మ చెయ్యి చాచింది.

"నాకూ ఇన్ని పొయ్యే" అంది.

గోవిందమ్మ చెంబు ఆమె రెండు చేతుల్లో పెట్టి, ఒలకకుండా కింద తన చెయ్యి ఆనించి పట్టుకుంది. ముసలామె తాగాక అడుగున మిగిలినవి తాను తాగి, మళ్ళీ ముంచుకురావడానికి లోపలికి పోయింది.